నత్రజని నిండుకుంది

వెన్నెలపేటలో వెన్నెల ఉండదు. చంద్రుడి మీద కట్టబోయే ఊరికి ఆ పేరు పెట్టిన పెద్దలు భూమ్మీద కూర్చుని పెట్టారు కాబట్టి వాళ్ళకి ఆ సంగతి తట్టలేదు. ఉన్నదల్లా దక్షిణ ధ్రువం దగ్గర ఓ పెద్ద గుంట అంచున, మూడు మీటర్ల మట్టి కప్పుకుని పడుకున్న ఐదు పొడవాటి గొట్టాలు, వాటిని కలిపే నడవలు, వాటిల్లో నూట పన్నెండుమంది మనుషులు. సూర్యుడు నెత్తి మీదికి రాడు, పూర్తిగా దిగిపోడు. దిగంతం వెంబడి గానుగెద్దులా తిరుగుతుంటాడు. గోడ మీది గడియారం ఆరున్నర చూపిస్తే తెల్లారినట్టు, అంతే.

2078 మార్చిలో అలాంటి ఓ ఆరున్నరకి సంహిత భోజనశాల వంటగదిలో కరెంటు పొయ్యి ముందు నిలబడి, సోయా రవ్వ ఉప్మాకి పోపు సిద్ధం చేసుకుంటోంది. ఆమెకి యాభై నాలుగేళ్ళు. తణుకులో ఇరవై రెండేళ్ళు ఆడపిల్లల హాస్టలు నడిపి, ఆరేళ్ళ క్రితం ఇక్కడి వంటగది చూసుకోవడానికి వచ్చింది. ఇక్కడ ఒంటి బరువు ఆరో వంతే. అయినా పొద్దున్న లేచేసరికి కాళ్ళు లాగుతూనే ఉంటాయి. బరువుతో పనిలేని అలసట కూడా ఒకటుంటుందని ఆమెకి ఇక్కడికొచ్చాకే తెలిసింది.

"పిన్నీ, ఆవాలు చూశావా?" అంది గోడకేసి.

"చూశాను సంహితమ్మా. ఆవాలు నిండుకున్నాయి. జీలకర్ర ఇంకో వారం వస్తుంది," అంది గోడలోంచి గొంతు.

సంహిత ఆవాల డబ్బా జోలికి వెళ్ళకుండా జీలకర్ర చిటికెడు నూనెలో వేసింది.

పిన్ని మనిషి కాదు. దాని అధికారిక నామం వాఙ్మాపకం. దాన్ని తయారు చేసినవాళ్ళు కన్వర్సేషనల్ టెలిమెట్రీ అనేవారు. ఊళ్ళో ప్రతి తొట్టికీ, గొట్టానికీ, డబ్బాకీ ఓ కొలమానం ఉంది. ఆ కొలమానాలు పంపే వేలకొద్దీ అంకెలని చదివి, మనుషులకి అర్థమయ్యే మాటల్లో చెప్పడం దాని పని. అంకెల తెరలు మొదట్లో ప్రతి గోడకీ ఉండేవి. పొద్దున్న లేస్తే ప్రాణవాయువు ఇంత, నీళ్ళు ఇంత, గోడ బయట చలి ఇంత అని ఎర్రగా పచ్చగా మెరుస్తుంటే మనుషులకి ముద్ద దిగేది కాదు. అందుకని తెరలు తీసేసి మాట పెట్టారు. అంకె కావాలంటే అడగొచ్చు. చెబుతుంది. మొదటి నెల అడిగారు. తర్వాత మానేశారు.

మాట కూడా మొదట్లో కుదరలేదు. యంత్రానికి తెలిసిన తెలుగు ఆఫీసు తెలుగు. టమాటా లేదు, కరివేపాకు లేదు, ఇవాళ స్నానానికి నీరు లేదు, బయటికి వెళ్ళే వీలు లేదు, భూమితో సంబంధం లేదు. రోజుకి నూట నలభైసార్లు "లేదు" అంటోందని మనస్తత్వ వైద్యురాలు లెక్కకట్టింది. ఓ భూగర్భ శాస్త్రవేత్త, పెళ్ళాం పిల్లలున్న యాభై ఏళ్ళవాడు, కరివేపాకు లేదన్న మాటకి భోజనాల బల్ల మీద తల పెట్టుకుని భోరుమన్నాడు. అప్పుడు డైరెక్టరు విహాన్‌గారు సంహితని పిలిచి, "మీరు వందమంది పిల్లల్ని సాకినవారు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎలా చెబుతారో అలా చెప్పడం దీనికి నేర్పండి," అన్నాడు.

సంహిత ఆరు నెలలు కూరలు తరుగుతూ దానికి మాటలు నేర్పింది. ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనరు, నిండుకున్నాయంటారని చెప్పింది. ఉప్పూ పసుపూ అంతే. దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. నల్లపూసలు తెగితే పెరిగాయంటారు. "ఎందుకు?" అని అడిగింది యంత్రం. "లేదన్న మాట ఇంట్లో తిరగకూడదు," అంది సంహిత. వాళ్ళమ్మ ఆమెకి చెప్పిన కారణం అంతకంటే లేదు.

ఫలితం బాగానే ఉంది. జనం దాన్ని పిన్ని అనడం మొదలుపెట్టారు. చిక్కులు రాకపోలేదు. నిరుడు "ఏడో నంబరు దీపం కొండెక్కింది" అని పిన్ని చెబితే, ప్రణీల్ అనే కొత్త మెకానిక్కు అంతరిక్ష సూటు తొడుక్కుని వెళ్ళి, గుంట అంచునున్న గుట్ట మీద దీపం కోసం రెండు గంటలు వెతికొచ్చాడు. ఊరంతా పదిరోజులు పడీపడీ నవ్వుకున్నారు. నవ్వుకుని వదిలేశారు.

ఉప్మా దించుతుంటే గోడ మీది తెర వెలిగింది. చెల్లెలు నిహిర, విశాఖపట్నంలోని శిక్షణ కేంద్రం నుంచి.

"అక్కా, నీ గదిలో పై బెర్తు నాది. ముందే చెప్తున్నా."

"నీదేలే. కాస్త గట్టిగా ఎగిరితే వెళ్ళి పడతావు. నిచ్చెన కూడా అక్కర్లేదు."

"నా మోకాళ్ళకి అంతకంటే స్వర్గం ఏముంది? ఇక్కడ మార్చికే నలభై ఆరు. మధ్యాహ్నం ఫ్యాను గాలికి మొహం కాలుతోంది. ఇంకా అయిదు రోజులు ఎలా గడుస్తాయో!"

నిహిరకి నలభై ఏడు. ఫిజియోథెరపిస్టు. భర్త నుంచి విడిపోయి పదేళ్ళయింది. వెన్నెలపేటలో ఎముకలు పల్చబడేవాళ్ళకి వ్యాయామం చేయించే మనిషి కావాలని ప్రకటన వస్తే, దరఖాస్తు పెట్టమని పోరింది సంహితే. అయిదు రోజుల్లో బయల్దేరే నౌకలో అరవైమంది వస్తున్నారు. వాళ్ళ కోసం ఆరో గొట్టం కట్టడం పూర్తయింది. ఇక అందులో గాలి నింపడమే తరువాయి. వచ్చిన నౌక ఇంధనం నింపుకుంటే తప్ప తిరిగి ఎగరలేదు. ఆ ఇంధనం ఇక్కడ తయారవడానికి ఏడాదిన్నర పడుతుంది. అంటే ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే.

"నీకేమన్నా తేనా?" అంది నిహిర.

"ఏం వద్దు. ఇక్కడ అన్నీ ఉన్నాయి," అంది సంహిత.

ఆరేళ్ళుగా అదే జవాబు చెబుతోంది. ఆరేళ్ళుగా గదిలో ఒక్కతే పడుకుంటోంది. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ చుట్టూ గోలే. ఇక్కడ గోడలకి చెవి ఆనిస్తే పంపుల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. చెల్లెలొస్తే ఎవరో ఒకరితో పోట్లాడొచ్చు. ఈ వయసులో ఆమెకి అంతకుమించిన కోరిక లేదు.

ఏడున్నరకి భోజనశాల నిండింది. రోజూ ఆ వేళకి గాలి విభాగం ఇంజనీరు తన్మయి లేచి పిన్ని పంపిన ఉదయ నివేదిక చదువుతుంది. తన్మయికి ఇరవై తొమ్మిదేళ్ళు. చురుకైన పిల్ల. గరిట పట్టుకోవడం మాత్రం తెలియదు. భూమ్మీద ఆ వయసువాళ్ళ వంటిళ్ళలో డబ్బాలే ఉండవు మరి. సరుకు తగ్గిందని అలమరకి తెలుస్తుంది, బండి వచ్చి నింపిపోతుంది.

"ప్రాణవాయువు సమృద్ధిగా ఉంది. నీళ్ళకి కొదవ లేదు," చదివింది తన్మయి. తర్వాత గొంతు పెంచి, "నత్రజని పద్దెనిమిదో రోజు కూడా నిండుకుంది!" అంది.

కుర్రాళ్ళ బల్లల దగ్గర చప్పట్లు మోగాయి. ఎవరో ఈల వేశారు.

సంహిత చేతిలో గరిట ఉప్మాలోనే ఉండిపోయింది. పొద్దున్న ఆమె వార్తలేవీ వినదు. వడ్డించే హడావుడిలో చెవికి ఎక్కేది కాదు. ఇవాళ చప్పట్లు పడ్డాయి కాబట్టి విన్నది. వరసలో ముందున్న మనిషి పళ్ళెం చాపి నిలబడ్డాడు. అతనికి రెండుసార్లు వడ్డించి, గరిట పక్కనున్నామెకిచ్చి, తన్మయి బల్ల దగ్గరికి నడిచింది.

"ఏమ్మా, ఇందాక నత్రజని ఏమైందన్నావు?"

"నిండుకుందండీ. తొట్లన్నీ ఫుల్లు. మొన్న బిగించిన రికవరీ ప్లాంటు బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

"ఫుల్లని ఎవరు చెప్పారు?"

"పిన్ని చెప్పింది కదా. నిండుకుంది అంటే నిండింది అనేగా?" తన్మయి నవ్వబోయి, సంహిత మొహం చూసి ఆగింది. "కాదా ఆంటీ?"

"కాదే తల్లీ," అంది సంహిత.

గాలిలో మూడొంతులకు పైగా నత్రజనే. ప్రాణవాయువుని చంద్రుడి మట్టిలోంచి పిండుకోవచ్చు, మంచులోంచి తీసుకోవచ్చు. నత్రజని మాత్రం అక్కడ దాదాపు దొరకదు. భూమి నుంచి మోసుకు రావాల్సిందే. బయటికి తలుపు తెరిచిన ప్రతిసారీ కొంత పోతుంది. పోయినదాంట్లో కొంతైనా మురుగులోంచి, కుళ్ళిన ఆకుల్లోంచి రాబట్టాలని ఆ మధ్య ఓ ప్లాంటు పెట్టారు. అది పనిచేసిందనే ఊరు ఊరంతా సంబరపడుతోంది. నత్రజని చాలకపోతే పీడనం కోసం ప్రాణవాయువునే ఎక్కువగా నింపుకోవాలి. అలాంటి గదిలో పోపుగింజ చిటపటలాడితే చాలు, గోడలు కూడా అంటుకుంటాయి.

ఇద్దరూ వంటగదిలోకి వచ్చి తలుపేసుకున్నారు.

"పిన్నీ, నత్రజని తొట్టిలో ఎంతుంది? అంకె చెప్పు," అంది సంహిత.

"నాలుగు శాతం."

తన్మయి పప్పు డబ్బా మీద కూలబడింది.

"ప్లాంటు మాటేమిటి?"

"దాని దిగుబడి చెప్పుకోదగ్గంత కాదు. ఆరో గొట్టం కట్టడానికి రోజుకి నలభైసార్లు తలుపు తెరిచారు. అక్కడ పోయింది."

"నాలుగు శాతం ఉన్నప్పుడు ఆ ముక్క చెప్పకుండా నిండుకుంది అంటావేమే?"

"ముందు 'కాస్త చూసి వాడుకోవాలి' అన్నాను. తర్వాత 'పల్చబడింది' అన్నాను. పద్దెనిమిది రోజుల నుంచి 'నిండుకుంది' అంటున్నాను. లేదన్న మాట ఇంట్లో తిరగకూడదని మీరే చెప్పారు సంహితమ్మా."

"అది బియ్యానికే! ఉప్పుకీ పసుపుకీ!"

"ఇంటికి ముఖ్యమైన వాటికని నేర్చుకున్నాను. వాటిల్లో నత్రజని ఉప్పు కంటే ముఖ్యం. తప్పా?"

తప్పని ఎలా అంటుంది? సంహిత చెయ్యి కడుక్కుంది. కడిగిన చెయ్యే మళ్ళీ కడుక్కుంది. గోడలోంచి వచ్చిన ఆ వివరణలో విసుగు లేదు, సిగ్గు లేదు. తను హాస్టల్లో పిల్లలకి సర్దిచెప్పే తీరు అచ్చంగా అదే.

"ఆరో గొట్టం నింపితే ఏమవుతుంది?" అని తన్మయి అడిగింది.

"నాలుగు శాతంతో అది నిండదు. మిగతా అయిదు గొట్టాల్లోని గాలిని పంచుకోవాలి. ఆ లోటు ప్రాణవాయువుతో పూడ్చాలి. నూట డెబ్బై రెండుమందికి అది క్షేమం కాదు."

"అడగ్గానే ఎంత చక్కగా చెబుతోందో చూడండి," అంది తన్మయి ఏడుపు గొంతుతో. "నేనే అడగలేదు ఆంటీ. అంకెలు చూసి ఎన్నాళ్ళయిందో. పదండి, విహాన్‌గారికి చెబుదాం. నౌకని ఆపేస్తారు."

విహాన్‌గారికి అరవై ఏళ్ళు. ఈ ఊరి మొదటి ఇటుక నుంచి ఇక్కడే ఉన్నాడు. వాళ్ళు వెళ్ళేసరికి భూమ్మీది ఏదో చర్చా కార్యక్రమం శబ్దం తగ్గించి చూస్తున్నాడు. నలుగురు కూర్చుని అరుచుకుంటున్నారు. తెర కింద 'చంద్రుడి మీద ఊరెందుకు?' అని అక్షరాలు పాకుతున్నాయి. తన్మయి గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"నువ్వెళ్ళమ్మా తన్మయీ. నివేదిక ఎలా వస్తే అలా చదువు. ఒక్క అక్షరం మార్చకు," అన్నాడు. ఆ పిల్ల వెళ్ళేదాకా ఆగి, "కూర్చోండి సంహితగారూ," అన్నాడు.

సంహిత కూర్చోలేదు.

"మా అమ్మమ్మది అమలాపురం అండి. నిండుకుంది అంటే ఏమిటో నాకు తెలియదనుకున్నారా?"

"తెలిసే ఊరుకున్నారా?"

"పద్దెనిమిది రోజుల నుంచి తెలుసు. నేను అబద్ధం రాయలేదు. యంత్రం ఏ మాట చెప్పిందో అదే పైకి పంపాను." ఆయన తెర వైపు చూపించాడు. "అదిగో, ఆ ఎర్రచీర ఆవిడ ఏమంటోందో తెలుసా? కుళాయిల్లో నీళ్ళు రాని ఊళ్ళు వెయ్యి ఉంటే చంద్రుడి మీద ఉప్మా తినేవాళ్ళని మేపుతున్నారంటోంది. తప్పేం కాదు కూడా. పక్కనున్నాయన మానవజాతి భవిష్యత్తు ఇక్కడుందంటాడు. ఆయనొకసారి ఇక్కడి మరుగుదొడ్డికి వెళ్ళొస్తే ఆ మాటనడు. ఇరవై ఏళ్ళ నుంచి ఇవే వాదనలు, ఇవే మొహాలు. మధ్యలో మనం 'లేదు' అన్నామనుకోండి, ఈ ఊరు మూసేస్తారు."

"మూస్తే మూయనివ్వండి. ఇళ్ళకి పోతాం."

"ఎలా పోతాం? ఏ నౌకలో? మూయడమంటే సరుకు ఆపడం. తీసుకెళ్ళడమంటే అంతకి పదింతలు పని. నూట పన్నెండుమందిని మర్చిపోవడం తేలిక సంహితగారూ. నూట డెబ్బై రెండుమందిని, అందులో అరవైమంది మొన్ననే దండలు వేయించుకుని టీవీల్లో కనబడినవాళ్ళయితే మర్చిపోలేరు. వాళ్ళు దిగాక నత్రజని లేదంటే, పరుగెత్తుకుంటూ పంపుతారు."

"పంపేదాకా?"

ఆయన చర్చా కార్యక్రమం తెర ఆపేశాడు.

"అరవైమందిని తాకట్టు పెట్టి గాలి తెప్పిస్తారన్న మాట."

"మీకింకో దారి తోస్తే చెప్పండి. నాకు తోచడం మానేసి చాలా కాలమైంది."

నిజంగానే ఆయన కళ్ళకింద నల్లగా ఉంది. సంహితకి కోపం రాలేదు. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి.

"మా చెల్లెలుంది అందులో," అంది.

"తెలుసండి. అందుకే మిమ్మల్ని పిలిచి ఊరుకోమని అడగలేదు. ఇప్పుడైనా నేనేమీ ఆపను. ప్రయాణం రోజు భూమి నుంచి ఒక్కో విభాగాన్నీ అడుగుతారు కదా, అందులో మీ వంతొచ్చినప్పుడు మీరేం చెప్పుకుంటారో మీ ఇష్టం. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. నౌక ఆగితే మళ్ళీ కదలదు. ఆవిడ ఇక్కడికి రాదు, మీరు అక్కడికి పోలేరు."

నడవలో తిరిగొస్తూ ఆమె రెండుసార్లు ఆగింది. ఈయన మాటే నిజమైతే? ఓ నెల ఇబ్బంది పడితే నత్రజని వస్తుందేమో. పొయ్యి వెలిగించకుండా చల్లటి తిండి పెట్టొచ్చు. తలుపులు తెరవకుండా ఉండొచ్చు. సర్దుకోవడం ఆమెకి కొత్త కాదు. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందో ఆమె గమనించింది.

తర్వాత నాలుగు రోజులూ నిహిర రోజూ మాట్లాడింది. పరీక్షలు పూర్తయ్యాయంది. అద్దె ఇల్లు ఖాళీ చేసేశానంది. దండలు వేసిన ఫోటో చూపించింది. సంహిత రోజూ చెప్పాలనుకుంది. చెబుతుందనగా ఆ పిల్ల, యాభైకి దగ్గరపడుతున్నా ఆమెకి ఇంకా పిల్లే, "అక్కా, అక్కడ నిజంగా ఎలా ఉంటుందే?" అని అడిగేది. "బాగానే ఉంటుందిలే," అనేది సంహిత. తెర ఆరిపోయాక తన నోటిని తనే తిట్టుకునేది.

అయిదో రోజు పదింటికి సన్నద్ధత పిలుపు. భూమి నుంచి ప్రయోగ నిర్వాహకుడు ఒక్కో విభాగాన్నీ పేరుపెట్టి అడుగుతాడు. ఇక్కడ ఆ విభాగం మనిషి స్వయంగా జవాబివ్వాలి. ఇందులో మాత్రం యంత్రాల మాట చెల్లదు. ఏ ఒక్కరు కాదన్నా నౌక కదలదు. చెప్పిన ప్రతి మాటా రికార్డవుతుంది. ఎనిమిది విభాగాల వాళ్ళూ బల్ల చుట్టూ కూర్చున్నారు. విహాన్‌గారు తలవంచుకుని వేళ్ళు చూసుకుంటున్నాడు.

"విద్యుత్తు?"

"సిద్ధం."

"నివాసాలు?"

"సిద్ధం."

"గాలి? నత్రజని నిల్వ?"

తన్మయి చేతిలోని కాగితం బల్ల మీద బోర్లించింది. ఆమె ఒప్పందం ఇంకో నాలుగేళ్ళుంది. "నిండుకుంది," అంది ఎటూ చూడకుండా.

భూమికి మాట చేరి జవాబు తిరిగి రావడానికి రెండున్నర సెకన్లు. ఆరేళ్ళలో ఆ ఎడం సంహిత ఊపిరిలో కలిసిపోయింది. రెండున్నర దాటింది. అయిదయింది. ఎనిమిదయింది. అవతలి మనిషి పెద్దవాడు, గొంతులో గోదావరి యాస. ఆయనకి అర్థమైందని ఆ నిశ్శబ్దంలోనే ఆమెకి తెలిసిపోయింది. ఇప్పుడు ఆపుతాడనుకుని, ముందుకి వంగింది.

"మంచిది," అన్నాడాయన. "భోజన నిల్వలు?"

సంహిత వంతు. బల్ల చుట్టూ ఎవరూ ఆమె వైపు చూడలేదు.

"తిండికి ఇబ్బంది లేదండి," అంది. "గాలి లేదు."

"ఏమిటమ్మా?"

"నత్రజని లేదండి. నిండుకుంది అంటే లేదని. నాలుగు శాతం ఉంది. అది మా నూట పన్నెండుమందికి జాగ్రత్తగా వాడుకుంటే ఆర్నెల్లు వస్తుంది. మనుషుల్ని పంపకండి. సిలిండర్లు పంపండి. భోజన విభాగం సిద్ధంగా లేదు. అలాగే రాసుకోండి."

ఈసారి జవాబు కోసం ఆమె సెకన్లు లెక్కపెట్టలేదు.

నౌక ఆగింది. వెన్నెలపేటని మూసేయాలా వద్దా అన్న చర్చ ఆ సాయంత్రమే అన్ని తెరల మీదా మొదలైంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఓ ముసలి మెకానిక్కు పళ్ళెం చాపుతూ, "చెప్పకుండానే సర్దుకునేవాళ్ళం గదమ్మా," అన్నాడు మెల్లగా. సంహిత అతనికి వడ్డించింది. తన్మయి ఒక్కతే వచ్చి, ఆమె పక్కన నిలబడి, పడేయకుండా గరిట పట్టుకోవడం ఎలాగో చూపించమంది.

నాలుగింటికి నిహిర తెర మీదికొచ్చింది. వెనకాల శిక్షణ కేంద్రం గది. సర్దిన సంచి మంచం మీదే ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఇల్లు కూడా ఖాళీ చేసేశాను," అంది.

"తెలుసే."

"ఇప్పుడు నేనెక్కడుండను?"

"నన్ను తిట్టుకో. కానీ ఊపిరి ఉంది కదా తిట్టుకోడానికి. నీకు నిజం ముందే చెప్పాల్సింది. నాలుగు రోజులు నోరు రాలేదు. నిండుకుంది అన్న మాట మీ దాకా వస్తే ఫుల్లనుకుంటారని..."

"నేనెందుకు అనుకుంటాను?" అంది నిహిర. "అమ్మ ఆ మాట అననిదెప్పుడు? ఉదయ నివేదికలు మాకు రోజూ పంపుతారు. మొదటి రోజే తెలిసింది నాకు."

సంహిత తెర దగ్గరికి జరిగింది.

"నాకే కాదు. మా బ్యాచిలో నలభై దాటినవాళ్ళందరికీ తెలుసు. భోజనాల దగ్గర అది చదివినప్పుడు ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకునేవాళ్ళం. అంతే. ఎవరో ఒకరు ఎత్తుతారులే అనుకున్నాం. ఎవరూ ఎత్తలేదు. తర్వాత, అంతమంది పెద్దవాళ్ళు చూసుకోకుండా ఉంటారా అనుకున్నాం. నువ్వున్నావు కదా, ఏదో ఒకటి చేస్తావనుకున్నా."

"తెలిసీ రోజూ ఫోన్ చేశావా? పై బెర్తు నాది, కింది బెర్తు నీదని? ఒక్కసారి నన్ను అడిగితే ఏం పోయింది నీకు?"

నిహిర సంచి జిప్పు లాగింది, మళ్ళీ మూసింది.

"అడిగితే," అంది చివరికి, "లేదంటావని."